ఇస్రాయేలు పెట్టిన మంచం వంతు

ఫోటో ఏడిది బిడ్డా ఇస్రాయేలుకు! గా కాలంల పెండ్లికే ఫోటో లేకపాయె. మనూరి మాదిగవాడల ఉండె, బక్కగ, పొడుగ్గ, డప్పు కొట్టేటోడు. నిజాం కాలంల వెట్టి ఉండె గదా. తాసిల్దారు వచ్చిండంటే ఆయన పెట్టెలు మనూరోళ్లు శివారు దాక మొయ్యాలె, ఆడ పక్కూరోళ్లు ఎత్తుకోవాలె. కూలి లేదు, పాడు లేదు. పోలీస్ యాక్షన్ అయినంక గది బందయింది, అందరు పీడ వోయిందన్నరు. ఇస్రాయేలు ఒక్కడే, "పెట్టెలు మోసినం, మనుషుల మొయ్యలేమా?" అన్నడు. వాన వడితే మన బాటల బండి దిగవడతది. నార్కట్‌పల్లి సడక్ దాక నాలుగూర్లాయె. ఊరికి నలుగురు, నెలకొకరి వంతు, ఏ కులమోడైనా సరె. నులక మంచానికి రెండు బొంగులు. ఈడ డప్పు కొడితే అవతలూరోళ్లు ఇని శివారుల నిలవడాలె. సడక్ మీద బస్సెక్కితే నల్లగొండ దవాఖాన. మొదటిపాలి ఏమైందంటవ్? మా మేనత్త నర్సింగమ్మకు జరం. డప్పు ఇని పక్కూరోళ్లు పీనుగనుకున్నరు. ఆడోళ్లు ఎదురొచ్చి ఒకటే శోకాలు! గామె మంచంల లేసి కూసొని, "నేనింక సావలే, మీ నోట్లె మన్నువడ!" అని తిట్టుడు. ఆ తిట్లకే సగం జరం దిగింది. గప్పటిసంది ఇస్రాయేలు పెండ్లి దరువు కొట్టించిండు. నవ్వకు, నిజమే. పెండ్లి దరువు మీదనే దవాఖానకు పోయేటోళ్లు.

ఆయన పెండ్లాం మారెమ్మకు కాన్పు కష్టమాయె. పొద్దుగాల్నే దరువు ఇన్న. ఆ నెల నలుగుర్ల నేనొకణ్ణి. తువ్వాల భుజానేసిన. మా బాపు దర్వాజకు అడ్డం నిలవడి, "మాదిగోళ్ల మంచం మోసినవనుకో, మళ్ల ఇంట్లకు రాకు" అన్నడు. ఆగిన. ఆగిన బిడ్డా, ఏం జెప్పాలె. నన్ను జూసి ఇంకొక్కడు గూడ ఆగిండు. కడమ ఇద్దర్ని పట్టుకొని, తనే ఓ బొంగు కొమ్ము ఎత్తుకొని ఇస్రాయేలు శివారు దాక ఈడ్సుకపోయిండు. ఆలిశమైంది. మారెమ్మ బతికింది, పిలగాడు దక్కలే. ఆ పాపం నాదే.

మరుసటేడు వానకాలం చెల్కల మీ అవ్వకు పాము గరిసింది. మీ బాపు కడుపుల ఉన్నడు. మాదిగవాడకు ఉరికింది ఎవరనుకున్నవ్? మా బాపే. నాకు ముఖం చెల్లలే. దరువు మొదలాయె. మంచం ముందటి కొమ్ము ఎత్తింది ఇస్రాయేలే. ఎనుక నేను. బురదల ఆయన వీపే సూసుకుంట నడిచిన. "జారుతది, సూసి అడుగెయ్యి పటేలా" అన్నడు, గంతే. ఒక్కో శివారుల మనుషులు మారిండ్రు, నన్ను గూడ దింపుమన్నరు. ఆయన మాత్రం భుజం మార్సలే. నాలుగూర్లు మోసి, బస్సులకెక్కించినంకనే దించిండు... లే బిడ్డా, బర్లొచ్చే యాళ్లాయె, నీళ్లు పెట్టాలె.