పథ్యం పట్టి కాశి పోగొట్టుకోబోయిన

"అవ్వా, కాశికి పోయేముందు నీ కడుపు పాడైన ముచ్చట చెప్పవా? ఫోన్ల రికార్డు చేస్తున్న."

చెయ్యి బిడ్డా, చెయ్యి. మీ నాయినకు గూడ ఇనిపియ్యి. టికెట్ వాపస్ చేస్తనన్నది ఆయనే గద.

ఇగ సూడు, ఎయిర్‌పోర్టు రాకముందు గాడ మన జొన్నచేను ఉండె. గప్పుడు ఆరాంఘర్ దాంక బస్సు కిరాయి రూపాయి. కాదు కాదు, రూపాయిన్నర. చేను పోయింది, గాలిమోటర్లు వచ్చినయ్. రోజూ నెత్తి మీదికెల్లే పోతయ్, ఒక్కనాడు ఎక్కిన పాపాన పోలే. "ఎక్కుదాం తియ్యే" అనుకుంటనే మీ తాత పోయిండు. గందుకే తుక్కుగూడల మా చెల్లె లచ్చమ్మ ఉన్నది సూడు, ఆమెతోని గాలిమోటర్ల కాశికి పోవుడు ఖాయం జేస్కున్న.

ఇగ పోవుడు వారం ఉన్నదనంగ పన్ను సలుపు. దవుడ గింత వాసింది! దవాఖానకు పోతే ఐదు దినాలకు గోలీలు రాసిండ్రు, యాంటీబయాటిక్‌లట. మూడోనాటికి దవుడ దిగింది గని కడుపు జారుడు మొదలైంది. పొద్దుగాల్నుంచి మాపటిదాంక ఒకటే ఉరుకుడు. నవ్వకే, నీకేం తెలుసు నా పరేషాన్!

తప్పు నాదే, ఒప్పుకుంట. మా అమ్మ మందు తిన్నదంటే పథ్యం పట్టాల్సిందే. పెరుగు ముట్టొద్దు, మజ్జిగ ముట్టొద్దు. ఎండు రొట్టె, ఎల్లిపాయ కారం, గంతే. నేను గూడ గట్లనే చేసిన. గది చాలదన్నట్టు పరగడుపున చాయ్‌తోని గోలీ మింగిన. ఇగ కడుపు మండకపోతే ఏమైతది చెప్పు?

మీ నాయిన ఏమన్నడో ఎరుకేనా? "అమ్మా, రెండు గంటలు గాలిల ఎట్ల కూసుంటవ్? గోలీలు బంద్ చెయ్యి, టికెట్ వాపస్ చేస్త." నాకు ఒళ్లు మండింది. ఏడుపు గూడ వచ్చింది, అబద్ధమెందుకు. "నా టికెట్ ముట్టినవంటే సూడు" అని నేనే ఆటో పట్టుకొని మల్ల దవాఖానకు పోయిన.

డాక్టరమ్మ చిన్నపిల్లనే, నీ కంటె జర పెద్దది. "నెత్తురు పడుతుందా? జ్వరం ఉందా?" అనడిగింది. లేదన్న. ఏం తింటున్నవంటే పథ్యం సంగతి చెప్పిన. నొసలు కొట్టుకున్నది! ఆ గోలీ చెడ్డ పురుగులతోని కడుపుల ఉండే మంచి పురుగుల్ని గూడ చంపుతదట. గందుకే నాకు గట్లయిందట. "ఈ గోలీకి పెరుగు అడ్డం లేదమ్మా. కారం మానెయ్యి, పెరుగన్నం తిను, తిన్నాకే గోలీ వేసుకో. ఉప్పు చక్కెర పొడి ఇస్తా, నీళ్లల్ల కలుపుకొని తాగు. గోలీలు మాత్రం మధ్యల ఆపొద్దు. తగ్గకపోతే మళ్లీ రా" అన్నది.

ఇగ నేను ఊకుంటనా? పొద్దుగాల పెరుగన్నం, మాపటికి పెరుగన్నం, నడుమ మజ్జిగ. రెండు దినాలల్ల కడుపు దారికొచ్చింది. ఐదు దినాల గోలీలు ఒక్కటి ఇడువకుండ ఖతం జేసిన!

ఎయిర్‌పోర్టుల తనిఖీ పిల్ల నా సంచిల డబ్బా తీసి "ఏందమ్మా ఇది?" అన్నది. "పెరుగన్నం బిడ్డా, నన్ను కాశికి తోలుకపోయేది ఇదే" అన్న. ఆ పిల్ల పడిపడి నవ్వింది.

రెండు గంటలు! లచ్చమ్మ రెండుమాట్ల లేచి బాత్రూంకు పోయొచ్చింది. నేను? ఒక్కపాలి గూడ లేవలే! మీ నాయినకు గా మాట మల్లొక్కసారి చెప్పు.

గాలిమోటరు లేస్తుంటే కిందికి సూసిన. మన చేను ఏ కాడ ఉండెనో ఏం ఆనవాలు దొరకలే. అయినా గట్టిగనే అన్న, పక్క సీటాయన ఉలిక్కిపడ్డడు, "ఎక్కిన సూడయ్యా!" అని. మీ తాతకు ఇనవడే ఉంటది.

నువ్వు గూడ ఎక్కాలె బిడ్డా, పైపైకి ఎక్కాలె. సల్లగుండు. ఇగ గా రికార్డు బంద్ చేసి గా మజ్జిగ గిలాస అందుకో...