ఇంజనుకి పెట్టిన బొట్టు

"నాయనమ్మా, స్కూటీ కింద మళ్ళీ ఆయిలు మరక పడింది. మెకానిక్కుకి ఫోన్లో చెప్తే, పోయినసారి చూసినోడు సరిగా బిగించి ఉండడు అన్నాడు."

ఫోన్లోనే చెప్పేశాడా? బండిని కళ్ళతో చూడకుండానే? ఇటు రా, ఇట్టా కూర్చో. రికార్డు చేసుకుంటావా, చేసుకో, నాకేం భయం. పోయినసారి చూసినోడి మీదికి తోసేశాడన్నమాట. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండిద్దే అమ్మాయ్. అరవై ఏళ్ళ నాడు ఇదే మాట మీ తాత నోట విన్నా. మీ తాత చెడ్డోడని కాదు, దేవుడిలాంటోడే, కానీ ఆ ఒక్క విషయంలో మాత్రం ఇవాళ్టికీ నేను ఆయన్ని క్షమించలా.

అప్పట్లో ప్రత్తిపాడు పక్కన మాకు మూడెకరాల మిరపతోట. బావి మీద ఆయిలింజను. ఆకుపచ్చ రంగుది... కాదు కాదు, ఆకుపచ్చది తర్వాత కొన్నాం, ఇది బూడిద రంగుది. ఎద్దులతో మోట తోలడం మానేసి అది కొన్నాడు మీ తాత. అది దడదడా కొట్టుకుంటుంటే గట్టు మీద నిలబడి మీసం దువ్వేవాడు. దాన్ని బాగుచేసేది మస్తానన్న. దూదేకుల వాళ్ళు, మన ఊరే. వాళ్ళ నాన్న ఇంటింటికీ తిరిగి పరుపులకి దూది ఏకేవాడు. మస్తానన్న ఆ పని వదిలి, తెనాలిలో ఎవరి దగ్గరో ఇంజన్ల పని నేర్చుకుని వచ్చాడు. ఒక గోతాం సంచీ, అందులో నాలుగు పానాలు, అంతే ఆస్తి. ఇంజనుకి చెవి ఆనిచ్చి వింటే లోపల ఏ ముక్క అరిగిందో చెప్పేవాడు.

ఆ ఏడు దసరాకి ముందు ఇంజను విప్పి రింగులు మార్చాడు. బాగానే తిరిగింది. దసరాకి పనిముట్లకి పూజ చేస్తాంగా, నేనేమో కొత్త కోడల్ని, మెప్పు పొందాలని ఉండదా? గడపకి రాసినట్టు ఇంజనంతా ముద్ద పసుపు రాశా. దాని పక్కన చిన్న గొట్టం ఉండేది, గొట్టం కొసన గుండ్రంగా మూత, మూతకి సన్న బెజ్జం. నాకది నుదురు లాగా కనపడింది. అక్కడ గంధం మెత్తి, పైన కుంకం అద్ది, ఇంత బొట్టు పెట్టా. మా అత్త చూసి బాగుందంది. మా అత్త దేన్నీ బాగుందనేది కాదు, అందుకే నాకు బాగా గుర్తు.

పండగైన వారానికి ఇంజను ఆయిలు కక్కడం మొదలెట్టింది. పొద్దున పోసిన ఆయిలు మధ్యాన్నానికి గచ్చు మీదుండేది. ఆయిలు లేకుండా తిప్పితే ఇంజను పట్టేసిద్ది, తిప్పకపోతే తోట ఎండిద్ది. మిరప చూస్తే పూత మీదుంది, నీళ్ళు తప్పితే పూతంతా రాలిపోయిద్ది.

అప్పుడు మీ తాత ఏం చెయ్యాలి? వంగి చూడాలి కదా. చూడలా. కాఫీ హోటలు ముందు కూర్చుని, "మస్తాను చెయ్యి పెట్టాకే ఇట్టా అయింది, దూదేకేవోడికి ఇంజనిస్తే ఇంకేమయిద్ది" అన్నాడు. నలుగురిలో అన్నాడు. ఆ నలుగురూ నలభై మందికి చెప్పారు.

మస్తానన్న రెండుసార్లు వచ్చాడు. ప్యాకింగులు కొత్తవి కోసి వేశాడు, నట్లన్నీ మళ్ళీ బిగించాడు. రెండోసారి ఇంజను ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు దానివంక చూశాడు. చివరికి చేతులు తుడుచుకుని లేచి, "నాకు తెలియట్లేదండి" అన్నాడు. ఇక మీ తాతకి అంతకన్నా ఏం కావాలి? చూశారా, తప్పు ఒప్పుకున్నాడు అన్నాడు. తెలియట్లేదు అనడం తప్పు ఒప్పుకోవడమా? నువ్వే చెప్పు. మిగతా రైతులూ మస్తానన్నని పిలవడం మానేశారు. కొన్నాళ్ళకి మస్తానన్న వాళ్ళ నాన్న ఏకుడు విల్లు అటక మీంచి దించి మళ్ళీ దూది ఏకుతున్నాడని, నీళ్ళకాడ ఎవరో చెప్పారు.

"అసలు ఎక్కడినుంచి కారుతుందో తుడిచి చూద్దామయ్యా" అన్నా మీ తాతతో. "ఇంజన్ల సంగతి నీకెందుకు, పొయ్యి సంగతి చూసుకో" అన్నాడు. అని, వేరే మెకానిక్కు కోసం పొద్దున్నే గుంటూరు బస్సెక్కాడు.

సరే, పొయ్యి సంగతే చూశా. బియ్యప్పిండి డబ్బా తీసుకుని తోటకి పోయా. ముగ్గుపిండి తీసుకెళ్దామనుకున్నా గానీ అది ఇసకలాగా ఉండిద్ది, లోపలికి పోతే గీసుకుపోయిద్దని భయమేసింది. పాతగుడ్డలు పెట్టి ఇంజను అద్దంలా తుడిచి, దాని ఒళ్ళంతా పిండి చల్లా. మీట ఎత్తి పట్టుకుని హ్యాండిలు తిప్పా. నాకు వచ్చులే, చూసి నేర్చుకున్నా. ఆయిలు ఎక్కడ కారితే అక్కడ పిండి తడవాలిగా? ఒక చోట తడిసిద్దనుకున్నా. మూత అంచున తడిసింది, చక్రం దగ్గర తడిసింది, అతుకున్న ప్రతిచోటా ఒకేసారి తడిసింది. ఒక్కడు సరిగా బిగించకపోతే ఒక చోట కారాలి గానీ అన్నిచోట్లా ఎందుకు కారిద్ది?

ఇంజను ఆపి, ఆయిలు కొలిచే కడ్డీ పైకి లాగా. బుస్సుమంది. అప్పుడు వెలిగింది నాకు. అన్నం ఉడికేటప్పుడు మూత బిగించి పెడతామా? ఓరగా పెడతాం, లేకపోతే పొంగి పొయ్యంతా అయిద్ది. మరి ఈ ఇంజను ఆవిరి ఎటు పోవాలి? చుట్టూ వెతికా. గొట్టం కొసన నా బొట్టే, ఆ వేడికి కాలి, ఆయిలు తాగి, నల్లగా రాయిలా గట్టిపడి ఉంది.

పిన్నీసు పెట్టి గీకా. బిళ్ళ ఊడొచ్చింది. బెజ్జంలోంచి ఊపిరి వదిలినట్టు గాలొచ్చింది. మళ్ళీ తుడిచి, మళ్ళీ పిండి చల్లి తిప్పా. పొడి పొడిగా ఉంది, ఎక్కడా చెమ్మ లేదు. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చా.

మీ తాత రాగానే అరచేతిలో ఆ బిళ్ళ చూపించి, ఇదయ్యా సంగతి, తప్పు నాది అని చెప్పా. ఆయన చూశాడు. "ఎవరితోనూ అనమాక, పూజ చేసి ఇంజను పాడుచేసుకున్నారని నవ్వుతారు" అన్నాడు. మరి మస్తానన్న సంగతేందయ్యా అంటే, "వాడికేం, వాడి పని వాడికుందిగా" అన్నాడు. ఆ మాటకి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ ఇక్కడుంది, చూడు, ఇక్కడ. హోటలు దగ్గర అన్న మాట హోటలు దగ్గరే వెనక్కి తీసుకోమని ఎన్నిసార్లు పోరానో. తీసుకోలా. పైగా నేనే బాగుచేశా అని చెప్పుకున్నాడు.

నేను హోటలుకి పోలేను కదా. మిరప మొదటి కోతకి ఇరవై మంది ఆడాళ్ళు వచ్చారు, ఊళ్ళో అన్ని వీధుల నుంచీ. సాళ్ళ వెంట కాయలు కోస్తా మొత్తం చెప్పా. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. "నా పరువు తీశావు" అన్నాడు మీ తాత. తీశా, అయితే ఏంది అన్నా.

ఊళ్ళో వాళ్ళు మస్తానన్నని మళ్ళీ పిలిచారు. మా ఇంజనుకీ వచ్చాడు. ఆ బిళ్ళ కొంగున ముడేసి దాచా, తీసి చూపించి దణ్ణం పెట్టా. అంతా అయ్యాక ఊరుకోలేక అడిగా. "అన్నా, నీ కన్ను అంత చురుకు కదా, ఇది ఎట్టా కనపడలేదు?"

"కనపడిందమ్మా. రెండోసారి వచ్చినప్పుడే అక్కడ అనుమానం వచ్చింది. పూజలో పెట్టిన బొట్టు కదా. నేను పానాతో గీకితే రేపు ఏమంటారో అని వదిలేశా" అన్నాడు.

"నాకు చెప్పకపోయావా?"

"మీరు చెప్తే మాత్రం ఆయన వినేవారా తల్లీ."

అప్పటిదాకా కోపమంతా మీ తాత మీదే. ఆ మాటతో నా మీద కూడా వచ్చింది. చెవి ఆనిచ్చి ఇంజను లోపలి సంగతి చెప్పే మనిషి, మా ఇంటి బొట్టుకి భయపడి తెలియదని చెప్పి పోయాడు. ఆ భయం ఎవరు పెట్టారు? మేం కాదూ?

తర్వాతి ఏడు దసరాకి ఆయన్ని పిలిచి, బొట్టు ఎక్కడ పెట్టను అన్నా అని అడిగా. చక్రం చూపించాడు. అప్పటినుంచీ చక్రానికే.

సరేలే, లే. వంటింట్లో డబ్బాలో పిండి ఉంది, ముందు బండి శుభ్రంగా తుడువు. పోయినసారి చూసినతని పేరేంది? పేరు కూడా తెలియదా? నంబరుందిగా, చెయ్యి. ఏ అనుమానమున్నా చెప్పమను, మేమేం అనుకోమని చెప్పు. నా తల్లివి కదూ, చల్లగా ఉండు... చెయ్యవే, నా ముందే చెయ్యి.