మరకలేని పళ్ళు

పళ్ళ డాక్టరు గది. కుర్చీలో బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే మాస్టారు, పక్కన స్టూలు మీద ఆయన భార్య. డాక్టరుకి ఓపిక ఎప్పుడో అయిపోయింది.

"మళ్ళీ వదులైందా? మొన్ననే కదా మాస్టారూ సరిచేసిచ్చాను!"

"ఏం చెయ్యను బాబూ, క్లారినెట్ ఊదితే పై పళ్ళసెట్టు ఊడి కిందికొస్తోంది. కుడివైపు గీసుకుంటోంది కూడా. కాస్త అరగదీస్తే…"

"అరగదీస్తే గీసుకోవడం తగ్గి ఇంకా వదులవుతుంది. వదులైందని మళ్ళీ వస్తారు. ఇలా అరగదీస్తూ పోతే చివరికి మన చేతిలో పొడి మిగులుతుంది."

"మీరైనా గట్టిగా చెప్పండి డాక్టరు గారూ. ఎప్పుడూ ఒక్కరే వచ్చి వెళ్ళిపోతారని ఈసారి వెంటపడి మరీ వచ్చాను. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటున్నారు. ఉప్పు లేదంటారు, కారం లేదంటారు. నా వంటకి వంకలు పెట్టడం తప్ప…"

"నీ వంట గోల ఇక్కడెందుకే?"

"ఎందుకా? మనిషి సగమయ్యారు! ఆ చొక్కా చూడండి, దండేనికి ఆరేసినట్టుంది."

"మాస్టారూ, ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పండి. సిగరెట్ మానేశారా?"

"మానేశాను."

"మానేశారు డాక్టరు గారూ, అది మాత్రం ఒప్పుకోవాలి. రోజూ సెట్టు తోమి గిన్నెలో నీళ్ళలో వేసేది నేనే. ఒక్క మరక లేదు. ఇదివరకటి సెట్టు తుప్పు పట్టిన మేకుల్లా ఉండేది. ఇప్పుడు చూడండి, ముత్యాలు!"

"అదేనమ్మా నాకూ అంతుబట్టనిది. పొగ తాగేవాళ్ళకైతే చిగుళ్ళకి రక్తం సరిగా అందదు, లోపల ఎముక అరిగిపోతుంది, ఎంత మంచి సెట్టయినా వదులైపోతుంది. ఈయన మానేశారు కదా, మరి ఇదెందుకు నిలవదు?"

"వయసు బాబూ."

"మీ ఒక్కరికేనా వయసు? మీకంటే పెద్దవాళ్ళు నేను చేసిన సెట్టుతో వేరుశనగలు నముల్తున్నారు. ఇక నా వల్ల కాదు. ఇది పక్కన పడేసి కొత్తదానికి కొలత తీసుకుంటాను. నోరు తెరవండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఈవిణ్ణి కాస్త బయట కూర్చోమనండి."

"ఎందుకూ? నేను చూడని నోరా?"

"తెరవండి మాస్టారూ. ఇంకా. ఇంకాస్త… ఆగండి. కదలకండి."

"ఏమైంది డాక్టరు గారూ?"

"మానేశానన్నారు కదా మాస్టారూ?"

"అన్నాను."

"మరి అంగిలంతా పాలిపోయి, దాని మీద ఎర్ర చుక్కలేంటి? పొగ వేడికి వచ్చేవి ఇవి. సెట్టు పెట్టుకుని తాగితే అంగిలికి సెట్టు ప్లేటు అడ్డం ఉంటుంది కాబట్టి దాని కింద రావు. మీకు సరిగ్గా ప్లేటు కిందే వచ్చాయి. అంటే…"

"అంటే?"

"అంటే మీ ఆయన పళ్ళు తీసి జేబులో పెట్టుకుని కాలుస్తున్నారమ్మా."

"ఏమండీ!"

"అరవకు."

"నిజమేనా?"

"మరకలు పడితే నువ్వు పట్టేస్తావు కదా మరి."

"ఓరి దేవుడా! ముత్యాలు ముత్యాలని మురిసిపోతూ తోమానే! పక్కింటావిడని పిలిచి మరీ చూపించానే!"

"నా పళ్ళు చూపించావా?"

"మరి! మా ఆయన సిగరెట్ మానేశారని గొప్పలు పోయాను! ఎక్కడ కాలుస్తున్నారు?"

"బ్యాండు షెడ్డు వెనక."

"బోసినోటితోనా? ఎవరైనా చూస్తే?"

"డ్రమ్ములవాడు చూశాడు. వాడిదీ సెట్టే."

"చూశారా డాక్టరు గారూ, ఇద్దరూ కలిసి! అయితే ఆ ఉప్పు లేదనడం కూడా…"

"పొగకి నాలుక రుచి చచ్చిపోతుందమ్మా. మీ వంట తప్పు కాదు. ఒక్క నిమిషం మాట్లాడకండి. మాస్టారూ, ఈ కుడివైపు పుండు ఎన్నాళ్ళ నుంచి?"

"ఏ పుండు?"

"నా వేలి కింద ఉన్నది."

"అదా. సెట్టు గీసుకుని…"

"సెట్టు గీసుకున్నదైతే, సెట్టు తీసి పక్కన పెడితే నాలుగు రోజుల్లో మానుతుంది. ఇది గట్టిపడింది. ఎన్నాళ్ళైంది?"

"వానలు మొదలైనప్పటి నుంచి."

"వానలు వెలిసి ఎంత కాలమైంది మాస్టారూ!"

"ఏంటది డాక్టరు గారూ? చెప్పండి. ఏంటది?"

"చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలమ్మా. అది తేలేదాకా ఏమీ అనలేను. ఏమీ కాకపోవచ్చు కూడా."

"కాకపోవచ్చా? అంటే అవ్వచ్చు కూడానా? ఏమండీ, విన్నారా?"

"ఊరుకోవే. ఏడవకు."

"నాకు ఒళ్ళు మండిపోతోంది మాస్టారూ. నెలల తరబడి పుండు పెట్టుకుని, దానికి పొగ పట్టిస్తూ, నా దగ్గరికొచ్చి సెట్టు అరగదీయమంటారా? ఇన్నిసార్లు వచ్చారే, ఒక్కసారైనా నాకు చెప్పాలనిపించలేదా?"

"భయమేసింది బాబూ. పైకి అంటే నిజమైపోతుందేమోనని. మీరే చూసి చెప్తారులే అనుకున్నాను. వచ్చిన ప్రతిసారీ సెట్టు తీసి మీ చేతిలో పెట్టి, నోరు తెరుచుకునే కూర్చున్నాను. మీరేమో ఆ సెట్టు పట్టుకుని, వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వెళ్ళిపోయేవారు."