బిగించిన జడ

తల అలా పక్కకి వాల్చేస్తే చిక్కెలా తియ్యను వదినా? ఉండు, దిండు సర్దుతాను. ఆఁ, ఇప్పుడు సరిగ్గా ఉంది.

చూశావా ఈ దువ్వెన? పళ్ళు ఎంత ఎడంగా ఉన్నాయో. మన పాత దువ్వెన అవతల పారెయ్యమంది చర్మాల డాక్టరమ్మ. చిక్కు తియ్యాలంటే కొస దగ్గర మొదలుపెట్టి మెల్లిగా పైకి రావాలట. నేనేమో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నెత్తి మీంచి కిందకి బరబరా లాగుతున్నాను. నా తలకీ అంతే, పిల్ల తలకీ అంతే. ఇన్నాళ్ళకి నాకు దువ్వడం నేర్పిందామె, బయట బెంచీల మీద ఇరవైమంది కూర్చుని వింటూ ఉండగా.

"తలనుకున్నారా, బస్తా అనుకున్నారా?" అంది. తగలాల్సిన చోటే తగిలింది నాకు. నేను పార్సిల్ ఆఫీసులో మూటలు కడతానని ఆమెకేం తెలుసు? నోటికొచ్చింది, అనేసింది.

నువ్వూ అనేదానివిగా, బాగున్న రోజుల్లో. కుట్టు మిషను పక్కన కూర్చుని, పిల్లని, మన చీమని, మోకాళ్ళ మధ్య పెట్టుకుని, రిబ్బను పళ్ళతో పట్టుకుని అల్లేదానివి. నేను దగ్గరికొస్తే చాలు, "నీ చెయ్యి మూటలకే బాగుంటుంది తల్లీ, నా పిల్ల తల జోలికి రాకు" అనేదానివి. నవ్వుతూనే అనేదానివి. అయినా కోపం వచ్చేది నాకు. ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఆ మాత్రం కోపమైనా ఉండొద్దా?

ఇప్పుడు చూడు. పిల్ల తలే కాదు, నీ తల కూడా నా చేతికే వచ్చింది.

సరే, అసలు సంగతికొస్తాను. నీకు వినపడుతుందో లేదో పెద్ద డాక్టరుకే తెలీదు. "మాట్లాడుతూ ఉండండి, వింటుందేమో ఎవరు చూశారు" అన్నాడు. పదకొండు నెలలుగా చెబుతూనే ఉన్నాను. పక్కింటివాళ్ళ గొడవలు, మా మేనేజరు చిరాకు, అన్నయ్య నడిపే బస్సు ఎక్కడ పాడైందీ, అన్నీ చెప్పాను. ఇదొక్కటి చెప్పలేదు.

చీమ తల పాడైపోయింది వదినా.

పేను కాదు, చుండ్రు కాదు. నేను కూడా అలాంటిదే అనుకుని తీసుకెళ్ళాను. డాక్టరమ్మ లైటున్న భూతద్దం ఒకటి పెట్టి చూసింది. రెండు కణతల దగ్గరా, చెవుల పైనా, వేలెడు మేర నున్నగా అయిపోయిందట. అయిపోయిందట ఏమిటి, నాకు కనపడుతూనే ఉంది. "లాగీ లాగీ కుదుళ్ళు చంపేశారు. కొన్నిచోట్ల వస్తుంది, కొన్నిచోట్ల ఇంక రాదు" అంది. ఎనిమిదేళ్ళ పిల్లకి.

"జడ ఎవరు వేస్తారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే చీమ అందుకుంది. "నేనే గట్టిగా వెయ్యమంటానండీ. అత్త వద్దనే అంటుంది."

అబద్ధం. నేనొక్కనాడూ వద్దనలేదు.

మెడ నొప్పెడుతోందా? ఇంకొంచెమే. కొసలు అయిపోయాయి.

నిన్ను ఆస్పత్రి నుంచి తెచ్చిన వారం నీకు గుర్తుందా? కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. కళ్ళు తెరిచే ఉంటాయి గాని, ఎదురుగా నిలబడ్డ అన్నయ్యని పోల్చుకోవు. మిగిలిందల్లా ఎడమ చెయ్యి. పన్నెండేళ్ళు గుడ్డలు కుట్టిన చెయ్యి గదా, దానికి మాత్రం అన్నీ తెలుసు. దుప్పటి అంచు తడుముతూ పోయి, కుట్టు ఊడిన చోట ఠక్కున ఆగేది.

అది కనిపెట్టింది చీమే. బడికెళ్ళే ముందు మంచం దగ్గరికొచ్చి, వంగి, జడ నీ చేతిలో పెట్టింది. నువ్వు మెడ దగ్గర మొదలుపెట్టి కొసదాకా తడిమావు.

ఆ రోజు వదులుగా వేశాను. భయపడుతూ వేశాను, నీ పిల్ల తల గదా. నడిమధ్య ఒక పాయ జారి ఉంది. అక్కడ నీ వేలు ఆగిపోయింది. నీ గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. అలాంటిది నేనెప్పుడూ వినలేదు. కంటి చివర నుంచి నీళ్ళు దిండు మీదకి కారాయి. పిల్ల టిఫిన్ డబ్బా కూడా మర్చిపోయి బడికి పరిగెత్తింది.

మర్నాడు నాకు తెలిసిన పద్ధతిలో వేశాను. మా ఆఫీసులో నార తాడుని నీళ్ళలో ముంచి కడతాం. ఆరాక బిగుసుకుంటుంది, ఎంత దూరం పోయినా ముడి జారదు. అదే చేశాను. తల తడిపి, అలా తడి మీదే దువ్వి, మూడు పాయలూ నా బలం కొద్దీ లాగి అల్లాను. పైన రబ్బరు బ్యాండు, కింద రబ్బరు బ్యాండు. తడి జుట్టు లాగితే సాగుతుందట, సాగి తెగుతుందట. ఆ సంగతి నిన్న తెలిసింది నాకు.

నువ్వు తడిమావు. ఎక్కడా ఆగలేదు. కొసదాకా వచ్చాక నీ పెదవి ఎడమ పక్కన కొంచెం పైకి లేచింది.

"అమ్మ నవ్వింది" అని చీమ ఇల్లంతా గెంతింది. నువ్వు పడిపోయాక ఆ పిల్ల గెంతడం అదే మొదలు. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఏడ్చాం.

ఆ తర్వాత నీకు వ్యాయామం చేయించే ఆయనకి సంబరంగా చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది నవ్వు కాకపోవచ్చమ్మా. అప్పుడప్పుడూ నరం అలా లాగుతుంది" అన్నాడు. ఆ మాట చీమకి చెప్పలేదు. ఎలా చెప్పను?

అంతే, అదే అలవాటైపోయింది. రోజూ పొద్దున్నే తల తడపడం, లాగడం, నీ చేతిలో పెట్టడం. నువ్వు నవ్విన రోజు పిల్ల బడికి గెంతుతూ పోయేది. నవ్వని రోజు సాయంత్రం నాతో అనేది, "అత్తా, రేపు ఇంకొంచెం బిగించు."

నాకు కనపడలేదని చెప్పను. ఎందుకు కనపడదు? కనుబొమలు పైకి లేచిపోయి ఉండేవి. నుదురు నిగనిగలాడేది. పక్కింటావిడ "పిల్ల ముఖం భలే కళగా ఉంది" అంది. కళ కాదు, లాగుడు. నెత్తి అంచు పొడుగునా చిన్న చిన్న కురుపులు లేచాయి. పక్కకి తిరిగి పడుకోలేకపోయేది, దిండు తగిలితే నొప్పి.

ఒకరోజు దాని పెన్సిల్ డబ్బా తెరిచాను. లోపల జుట్టు. ఉండ చుట్టి దాచుకుంది. ఒక్కో వెంట్రుకకీ మొదట్లో తెల్లటి చుక్క. కుదురుతో సహా వచ్చేసినవి. డబ్బా మూసేసి మళ్ళీ సంచిలో పెట్టేశాను వదినా. నాలుగు చుక్కల నూనె ఎక్కువ రాశాను, అంతే. కణతల దగ్గర పలచబడితే పక్క జుట్టు తెచ్చి కప్పాను. పగిలిన అట్టపెట్టెకి కాగితం అంటించి పంపించేస్తాం చూడు, అలాగ.

ఇప్పుడు ఎడం పళ్ళ దువ్వెన కొన్నాను. చేతులు కాలాక ఆకులు. అయినా కాలింది నా చేతులు కావుగా.

డాక్టరమ్మ ఏమందంటే, ఏడాదిపాటు జడన్న మాటే ఎత్తొద్దంది. పొట్టిగా కత్తిరించి గాలికి వదిలెయ్యండి, రబ్బరు బ్యాండు ముట్టుకోవద్దు, తడి తల దువ్వొద్దు. నిన్న అక్కణ్ణుంచే జుట్టు కత్తిరించే షాపుకి తీసుకెళ్ళాను. నిన్ను అడగకుండానే. నిన్నెలా అడగను?

ఆ షాపు ఆవిడ జడ చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "ఇంత జుట్టు పోగొట్టుకుంటారా" అని రెండుసార్లు అడిగింది. చీమ ఏడవలేదు. ఒకటే మాట అంది. "విప్పి కొయ్యొద్దు ఆంటీ. జడ జడలాగే కొయ్యండి." కోసి ఇచ్చింది. పాత పేపర్లో చుట్టుకుని బడి సంచిలో పెట్టుకుంది. ఏదో జ్ఞాపకంగా దాచుకుంటుందిలే అనుకున్నాను.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఈ గది గడప తొక్కలేదది. నువ్వు గమనించావో లేదో. ఇవాళ పొద్దున నీ చెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ వెతుకుతూనే ఉంది. నేను చూశాను.

మధ్యాహ్నం నుంచి మెట్ల మీద కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని. పక్కన కూర్చున్నాను. తర్వాత అడిగింది, "అత్తా, జడ లేకపోతే అమ్మ ఇంక లేవదా?"

ఆ మాట దానికెక్కణ్ణుంచి వచ్చిందనుకుంటున్నావు?

నేనే చెప్పాను. నాలుగో రోజో ఐదో రోజో, గింజుకుంది. "నొప్పి అత్తా, నొప్పి" అని తల లాక్కుంది. ఎనిమిదింటికల్లా లారీ బయల్దేరాలి, మూటలింకా కట్టలేదు, మేనేజరు అప్పటికే రెండుసార్లు తిట్టి ఉన్నాడు. విసుగొచ్చి అనేశాను. "గట్టిగా వేస్తేనే అమ్మ తొందరగా లేస్తుంది. చూశావుగా నవ్వింది. కదలకుండా కూర్చో."

కూర్చుంది. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా నొప్పి అనలేదు. పదకొండు నెలలు. ఒకసారి అద్దంలో చూశాను, కింది పెదవి కొరుక్కుని ఉంది. ఎంత బుద్ధిమంతురాలైపోయిందో అనుకున్నాను.

ఇంకా ఉంది వదినా. ఇది అన్నయ్యక్కూడా చెప్పలేను.

నువ్వు లేవవని నాకప్పటికే తెలుసు. నిన్ను ఇంటికి పంపేటప్పుడే పెద్ద డాక్టరు మమ్మల్నిద్దర్నీ వరండాలోకి పిలిచి చెప్పాడు. ఇంతకంటే మెరుగు ఉండదన్నాడు. అన్నయ్య గోడవైపు తిరిగి నిలబడిపోయాడు. కాబట్టి తెలియక అన్న మాట కాదది. లేవవని తెలిసే, లేస్తావని చెప్పి కట్టాను. ఏదో పెద్ద కారణం ఉందనుకునేవు, ఏం లేదు. లారీ ఎనిమిదింటికి. అంతే.

ఒక్కటి అడగనా? నువ్వు వేసే జడ ఎప్పుడూ వదులుగానే ఉండేది. సాయంత్రానికి సగం ఊడిపోయి, పిల్ల పిచ్చిదానిలా ఇంటికొచ్చేది. నేను ఎగతాళి చేసేదాన్ని కూడా. మరి ఆ మొదటి రోజు నా వదులు జడ పట్టుకుని ఎందుకేడ్చావు? బాగాలేదనా? నువ్వు వేసినట్టే ఉందనా?

నిన్న ఆ షాపులో, కత్తెర శబ్దం వింటూ ఉంటే తట్టింది నాకు. అప్పటిదాకా మేమిద్దరం బాగాలేదనే అనుకున్నాం. అనుకుని, దాని నెత్తి మీదే సరిచేశాం.

ఉండు. మెట్ల మీద చప్పుడు. అదే వస్తోంది.

రా చీమా. లోపలికి రా. ఏం పర్లేదు, అమ్మ మేలుకునే ఉంది.

వదినా, దాని తల మీద చెయ్యి వెయ్యి. ఇదొక్కటీ చెయ్యి నా కోసం. పొట్టి జుట్టు తగిలితే మూలగకు. ఏమీ అనకు. నీకు దణ్ణం పెడతాను.

ఏమిటే ఆ సంచి తియ్యడం? ఆ పేపరెందుకు విప్పుతున్నావు? వద్దమ్మా, ఇలా ఇచ్చెయ్. చీమా.

పెట్టేసింది. కోసిన జడ నీ చేతిలో పెట్టేసింది. తల మాత్రం మంచానికి ఆనించి, జడ మొదలు తన మెడ దగ్గర పట్టుకుంది, ఇంకా తలకే ఉన్నట్టు. ఊపిరి కూడా పీల్చడం లేదది.

తడుముతున్నావు. మొదలు. నడుమ. నిన్న పొద్దున నేనే అల్లాను గదా, ఎక్కడా జారలేదు. కొస.

పెదవి లేచింది.

నవ్వో, నరమో. ఇందాకటి నుంచీ నేను చెప్పిందంతా విన్నావా వదినా? విని కూడా నవ్వావా? వినలేదా? ఏదో ఒకటి తెలిస్తే బాగుండు నాకు.

అవును చీమా. నవ్వింది. నేను చూశాను. నవ్వే అది.

చూశావా వదినా, నీ చెవిలోనే అంటున్నాను, ఇంకో అబద్ధం. నా నోటికి అలవాటైపోయింది.

సరే, ఇలా ఇవ్వు చీమా, మంచం పట్టీకి రిబ్బనుతో కట్టి ఉంచుతాను. రేపు పొద్దున విప్పి, కొంచెం నూనె రాసి మళ్ళీ అల్లాలి. ఎల్లుండీ అల్లాలి. ఏం చేస్తాం, మొదలుపెట్టింది నేనే. ఇంక ఎంత బిగించినా ఫర్వాలేదులే, దానికి నొప్పుండదు.