కంపు పోయిన కుండ

జర్జిస్ రేవులో, సముద్రపు నత్తలతో రంగు అద్దే భర్త కుండ ముందు కూలబడ్డాడు. భార్య చేతిలో ఖాళీ బ్లీచింగ్ సీసా ఉంది.

"కొంపలో కంపు పోయిందండీ."

"కంపుతో పాటు కొంపా పోయిందే. నత్త ఊదారంగు ఊరికే నీళ్లలో కరగదు. కుళ్లులో పుట్టే బాక్టీరియానే దాన్ని కరిగించి ఉన్నికి పట్టిస్తుంది. బ్లీచింగ్ పోసి ఆ బాక్టీరియాని కాస్తా చంపేశావు. వచ్చే శుక్రవారం తన పెళ్లిలో మన అమ్మాయి దుర్సాఫ్ ఏ ఊదా శాలువా కప్పుకుంటుంది?"

"ఏడవకండి. పెరుగుకి తోడు దాచినట్టు ముందే కుండలోంచి ఓ గ్లాసుడు తీసి, ఫ్రిజ్‌లో లబన్ మజ్జిగ పక్కన పెట్టాను."

"పసరు రంగులో ఉన్న గ్లాసా?"

"అదే."

"పుదీనా లబన్ అనుకుని పొద్దున తాగేశాను."

"వాసన రాలేదూ?"

"ఇన్నేళ్లు ఈ కుండ దగ్గరున్నాక ముక్కు మొహానికి అలంకారమేనే."

"గాలి తగిలి మీసమంతా ఊదారంగు తిరిగింది, చూసుకున్నారా? పోనీలెండి. శాలువా లేకపోయినా పెళ్లికూతురి పక్కన మీరు నిలబడండి. నోరు మాత్రం తెరవకండి."