పద్నాలుగో అంతస్తు ఇంగ్లీషు

బాబాయ్, మూడు టీలు. మా చెల్లి టీలో పంచదార తగ్గించు. ఇటు రావే, ఈ బెంచీ మీద కూర్చో, ఎవరో కొట్టడానికి వస్తున్నట్టు ఆ మూలకి నక్కుతావేంటి. సంగతేంటంటే బాబాయ్, ఇది బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్లో చేస్తుంది కదా, కొత్త మిషను నేర్చుకు రమ్మని కంపెనీ వాళ్ళు దీన్ని విదేశం పంపుతున్నారు. రేపే ప్రయాణం. మిషనంటే భయం లేదట, హోటలంటే భయమట. "గదిలో ఒక్కదాన్నే ఉండాలి, ఇంగ్లీషులో ఏదైనా అడిగితే నోరు పెగలదు, వెళ్ళనని చెప్పేస్తాను అన్నయ్యా" అని పొద్దున్నుంచీ ఒకటే గొడవ. చేతికందిన అవకాశం వదులుకుంటుందట. హోటల్ ఇంగ్లీషు దగ్గర నేనుండగా దీనికేం భయం? అందుకే లాక్కొచ్చా.

"అయిపోయాం. ఫారిన్ బావ మొదలెట్టాడు."

నువ్వు ఆ పంచరు సంగతి చూడు స్పానరూ. ట్యూబుని నీళ్ళ తొట్లో ముంచి బుడగలు చూసుకునేవాడివి, నీకేం తెలుస్తాయి ఇవన్నీ. చెల్లాయ్, నువ్విను. నేను ఫారిన్లో ఉన్నప్పుడు కంపెనీ వాళ్ళు నన్ను పెట్టిన హోటలు అలాంటిలాంటిది కాదు. పద్నాలుగో అంతస్తు నాది. కిటికీలోంచి చూస్తే కింద బస్సులు అగ్గిపెట్టెలంత ఉండేవి. కార్పెట్టు మీద కాలు పెడితే చీలమండ దాకా దిగిపోయేది. అలాంటి చోట ముందు తెలియాల్సింది తలుపు సంగతి. వేళ్ళ కణుపులతో మూడుసార్లు కొట్టాలి. అప్పులవాడిలా బాదకూడదు, అలాగని పిల్లి గోకినట్టూ ఉండకూడదు. కొట్టి ఒకడుగు వెనక్కి జరగాలి, లోపలివాళ్ళు తలుపు కన్నంలోంచి చూస్తే మన మొహం కనపడాలన్నమాట. అప్పుడు నెమ్మదిగా "గుడ్ మార్నింగ్, సారీ టు డిస్టర్బ్ యూ" అనాలి. ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి అని దానర్థం. ఏదీ, ఒకసారి అను.

"ఎవరి గది తలుపయ్యా అది?"

ఎవరిదైతే ఏంటి బాబాయ్, మర్యాద మర్యాదే. టీ పొంగుతోంది చూసుకో. అసలు నేనేమీ గొప్ప పనులు చెయ్యలేదు, ఉన్నమాటే చెబుతా, నేను చేసిందల్లా ఒక దిండు గురించి ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడటం. ఎదుటి గదిలో ఒక దొర దిగాడు. "వుడ్ యూ లైక్ యాన్ ఎక్‌స్ట్రా పిల్లో, సర్?" అన్నాను. ఇంకో దిండు కావాలా అండీ అని.

"దిండు నీకు కావాలా, ఆయనకా?"

ముందు ఎదుటివాణ్ణి అడగాలిరా స్పానరూ, అదే అక్కడి పద్ధతి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా ఇంగ్లీషు విని దొర చేతిలో బ్యాగు జారిపోయింది. "మా అమ్మ కూడా ఇంత బాగా అడగలేదు, ఇంకొక్కసారి అను" అన్నాడు. అన్నాను. పక్క గదివాళ్ళు తలుపులు తీశారు. వాళ్ళూ అడిగించుకున్నారు. కాసేపటికి పై అంతస్తులవాళ్ళు మెట్లమీద బారులు తీరారు. గది ఖాళీ చేసి విమానం ఎక్కాల్సిన పెద్దమనిషి ఒకాయన, టిక్కెట్టు చింపేసి, ఆ దిండు మాట కోసం ఇంకో వారం ఉండిపోయాడు. అందరూ కావాలనేవాళ్ళే. స్టోరు రూములో దిండ్లు నిండుకున్నాయి, బజారులో దూది నిండుకుంది. చివరికి మేనేజరు ఆయాసపడుతూ వచ్చి, "అయ్యా, మీ ఇంగ్లీషు కాస్త ఆపండి, ఊళ్ళో ఆసుపత్రుల్లో కట్టుకట్టడానికి దూది లేదట" అని నా చేతులు పట్టుకున్నాడు.

"ఆసుపత్రుల దాకా పోయింది."

పోదూ మరి. ఇదింకా చిన్నది బాబాయ్, ఆ వారమే ఒక రాజుగారు దిగారు. ఏ దేశమో చెప్పకూడదు, మాటిచ్చాను. ఆయనకి ఏడాదిగా కంటిమీద కునుకు లేదు. డాక్టర్లు చేతులెత్తేశారు. మేనేజరు నా దగ్గరికొచ్చి "ఇక మీరే దిక్కు" అన్నాడు. నేను వెనక మెట్ల మీదుగా వెళ్ళాను, మూడుసార్లు కొట్టాను, వెనక్కి జరిగాను, "సారీ టు డిస్టర్బ్ యూ" అన్నాను. రాజుగారి మంచం ఎంతనుకున్నావ్? ఈ చివర కూర్చున్నవాడు ఆ చివరివాడితో ఫోన్లో మాట్లాడాల్సిందే. దానికి తగ్గ దుప్పటి తెప్పించి రెండు మూలలు పట్టుకుని ఒక్క దులుపు దులిపాను. ఆ ఊపుకి దుప్పటి కిటికీలోంచి బయటికెళ్ళి ఊరంతా పరుచుకుంది. చీకటి పడిందనుకుని ఆఫీసులు మూసేశారు, వీధి దీపాలు వెలిగించారు, బడిపిల్లల్ని ఇంటికి పంపేశారు. పైన పోతున్న విమానం ఒకటి, తెల్లగా నున్నగా ఉందికదా అని, దానిమీదే దిగిపోయింది.

"దుప్పటి మీద విమానం దిగిందా బావా?"

దిగి, మళ్ళీ ఎగిరింది. ముడతపడిందేమో చూడమను. నా బిగువు అలాంటిది. మెల్లగా లోపలికి లాక్కున్నాను, మూల ఏటవాలుగా మడిచి, ఇదిగో ఇలా అరచెయ్యి బోర్లించి పరుపు కిందికి దోపాను. నాలుగు మూలలూ అంతే. "హ్యావ్ ఎ ప్లెజెంట్ స్టే, సర్" అన్నాను. హాయిగా ఉండండి అని. 'స్టే' అనేలోపే ఆయనకి గురక. ఇప్పటికీ లేవలేదు. ఆ దేశంలో పార్లమెంటు గుసగుసలతో నడుస్తోంది, సైనికులు చెప్పులు చేత్తో పట్టుకుని కవాతు చేస్తున్నారు. రాణిగారికి నామీద ఎంత అభిమానమంటే, "నీకేం కావాలో కోరుకో నాయనా, సగం రాజ్యమడుగు, ఓడలడుగు" అంది. నాకవన్నీ ఎందుకమ్మా అన్నాను. ఒక్క రాత్రి, అలా నేను పరిచిన మంచాల్లో ఏదో ఒకదాని మీద, ఒక్క రాత్రి నన్ను పడుకోనిస్తే...

"నీ గదిలో నీకు మంచం లేదా అన్నయ్యా?"

ఉంది. ఎందుకు లేదు. ఉందికానీ...

"ఇందాకట్నుంచీ వింటున్నాను. నువ్వు నేర్పినవన్నీ తలుపు బయట నిలబడేవాళ్ళ మాటలు. నువ్వు తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మనింట్లో దుప్పటి మూలలు కూడా అలాగే దోపుతున్నావు. నేనెప్పుడూ అడగలేదు. కానీ రేపు నేను తలుపు లోపల ఉండాలి అన్నయ్యా. లోపలివాళ్ళు ఏమంటారో చెప్పు."

నవ్వరా స్పానరూ. రోజూ నవ్వేవాడివే కదా, ఇవాళ ఆ పంపు వంక చూస్తావేం.

లోపలివాళ్ళు ఏమంటారు. నాతో ఎక్కువేమీ అనేవాళ్ళు కాదే. తలుపు బెత్తెడు తీసి "లేటర్" అనేవాళ్ళు. తర్వాత రా అని. అంతే. మేం పనివాళ్ళం పడుకునేది కింద, బాయిలరు పక్కన, ఒకరి మీద ఒకరం. పొద్దున్నే పద్నాలుగో అంతస్తుకి వెళ్ళేవాణ్ణి. ఎన్ని మంచాలు పరిచానో నాకే తెలీదు. కిటికీ పక్కన మంచం ఒకటుండేది, అక్కడ పడుకుంటే ఊరి దీపాలన్నీ కనపడతాయి. దానిమీద నడుం వాల్చాలని నాకెంత ఆశగా ఉండేదో. ఒక్కసారి, ఎవరూ లేనప్పుడు, దిండుని అరచేత్తో నొక్కి చూశాను. ఎంత మెత్తగా దిగిందో. మళ్ళీ నేనే తట్టి, ఆ గుంట కనపడకుండా చేసి బయటికొచ్చాను. ఇప్పటికీ నిద్రపట్టకపోతే ఆ కిటికీయే గుర్తొస్తుంది.

అందుకని నువ్వు వెళ్ళు. నోరు పెగలకపోతే మానె, వేలితో చూపించు, వాళ్ళకి అర్థమవుతుంది, అర్థం చేసుకోవడమే వాళ్ళ పని. ఆ గది నీది. మంచం మధ్యలో పడుకో, అంచున కాదు, మన ఇంట్లోలా ముడుచుకుని కాదు. నీకు కావాల్సిన ఇంగ్లీషు ఒక్కటే చెబుతాను. పొద్దున ఎవరో మూడుసార్లు కొట్టి వెనక్కి జరిగి నిలబడతారు. తలుపు బార్లా తియ్యి. "ప్లీజ్ కమిన్" అను. "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడుగు. నన్నెవరూ అడగలేదు. అడిగితే బాగుండేదని ప్రతి తలుపు దగ్గరా అనుకునేవాణ్ణి.

ఏదీ, ఒకసారి అనిచూద్దాం. నువ్వు బెంచీ మీదే కూర్చో, అదే నీ గది. నేనిటు నిలబడతాను. బాబాయ్, నీ బల్ల కాస్త కొడుతున్నా, ఏమీ అనుకోకు. ఇదిగో, ఒకటి, రెండు, మూడు. గుడ్ మార్నింగ్. సారీ టు డిస్టర్బ్ యూ.

"ప్లీజ్ కమిన్. వాట్ ఈజ్ యువర్ నేమ్, సర్?"

విన్నావా బాబాయ్. ఆ 'సర్' నేను నేర్పలేదు. అదే కలిపింది.