మూడు సంఘాలు, ఒక మినహాయింపు

పంతొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం జూలై మాసం ఒకటవ తేదీన శాసనసభ సచివాలయపు ముసాయిదా శాఖలో సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించిన మన కార్యదర్శిగారు, ఈ నెలాఖరున అదే భవనం నుండి, అదే నిటారైన నడకతో పదవీ విరమణ చేయనున్నారు. చేరిన రోజున ఆమెకు చూపిన గది మెట్ల కింద ఉండేది. పక్క గదిలో ముద్రణ యంత్రం. అది తిరిగినప్పుడల్లా బల్ల మీది టీ కప్పు తనంత తాను అంచుదాకా నడిచి వెళ్ళేది. ఎడమ చేత కప్పును పట్టుకొని కుడి చేత చట్టాన్ని రాసే విద్య ఆమెకు అబ్బింది ఆ గదిలోనే. ఇప్పుడు పై అంతస్తులో, కదలని బల్ల ముందు కూర్చున్నా, ఆమె కప్పును ఒంటరిగా వదలరు.

చట్టం రాసేవారికి ఒక ఆచారం ఉంది. ముందు నియమం చెబుతారు. ఆ తరువాత, ఆ నియమం ఎవరికి వర్తించకూడదో చెప్పే మినహాయింపును ‘అయితే’ అని మొదలుపెడతారు. అందరినీ ఒకే గాటన కట్టి శిక్షించే వాక్యాన్ని ఎంతటి పండితుడు రాసి తెచ్చినా సరే, ఆమె దానిని సాంతం చదివి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, “బాగుంది. అయితే?” అని అడిగేవారు. రాసినవారికి తల ప్రాణం తోకకు వచ్చేది. ఆ విధంగా మన శాఖలో ఆమెకు ‘అయితేగారు’ అన్న పేరు స్థిరపడింది. ఈ సంగతి ఆమెకు తెలియదని ఇన్నాళ్ళూ అనుకున్నవారు, పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగే చందాన అనుకున్నారని సవినయంగా మనవి చేయవలసి ఉంది.

లెక్కల మాస్టారుగా పనిచేసి ఆమెకన్నా ముందే విశ్రాంతి తీసుకున్న ఆమె భర్తగారి ఫిర్యాదు కూడా ఇక్కడ నమోదు కావడం న్యాయం. “పిల్లలు అల్లరి చేస్తే నేను గోడకుర్చీ వెయ్యమనేవాణ్ణండీ. ఈవిడ వచ్చి, వాడికి జలుబు, దీనికి నిద్రొస్తోంది అని ఇద్దరినీ వదిలేసేది. వేస్తే ఎంత కష్టమో మీరే చూడండి అని తనంటే, చివరికి గోడకుర్చీ వేసింది నేను!” అని ఆయన ఇప్పటికీ వచ్చినవారందరికీ చెప్పుకుంటారు. ఆమె పక్కనే కూర్చుని, కాదనరు.

సహాయకురాలి నుండి శాఖాధికారిణిగా, అక్కడి నుండి ఉపకార్యదర్శిగా, తదుపరి కార్యదర్శిగా ఆమె ఎదిగిన క్రమం సేవాపుస్తకంలో ఎటూ ఉంది. అందులో లేనిది ఆమె పట్టుదల. మూడోసారి దొంగతనంలో దొరికినవారికి ఎవరైనా, ఎందుకైనా, మూడేళ్ళకు తగ్గని జైలు అని మన శిక్షా చట్టంలో ఒక నిబంధన ఉండేది. నేరస్తురాలి మీదే ఆధారపడ్డ పసిబిడ్డ ఉన్నప్పుడు, కారణాలు రాసి శిక్ష తగ్గించే అధికారం న్యాయమూర్తికి ఉండాలని ఆమె నాలుగు వాక్యాల మినహాయింపు ఒకటి రాశారు. శిక్షా విధానాన్ని సమీక్షించడానికి సభ నియమించిన మొదటి సంఘం, “దొంగకు దయ ఏమిటి?” అంటూ దానిని ఒక్క గీతతో కొట్టివేసింది. రెండవ సంఘం ఆమోదించింది గాని, నివేదిక సభ ముందుకు వచ్చేలోపు సభే రద్దయింది. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలైంది. మెరుగైన కుర్చీలున్న శాఖల నుండి పిలుపు వచ్చినా ఆమె కదలలేదు. మూడవ సంఘం ఏర్పడే నాటికి ఆమె విరమణ కనుచూపు మేరలోకి వచ్చేసింది. ఈసారి తప్పితే ఆ నాలుగు వాక్యాలను భుజాన వేసుకునేవారు మరొకరు లేరు. ఆ ఏడాది ఆమె నిద్ర సరిగా పోలేదని ఇంట్లోవారికి తెలుసు.

ఆ సంఘానికి అధ్యక్షులుగా వచ్చినవారు పోలీసు శాఖలో ఉన్నతోద్యోగం చేసి రాజకీయాలలో ప్రవేశించిన పెద్దలు. వారిని మన వరండాలలో ‘ఇనపగేటు’ అంటారు. ఈ పేరు అచ్చు వేయవచ్చునా అని అడగగా, “వేసుకోండి. ఇంకా తుప్పు పట్టలేదని కూడా రాయండి” అని పెద్ద మనసుతో అనుమతించారు. మొదటి సమావేశంలోనే వారు బల్ల గుద్ది తమ అభిప్రాయం వెల్లడించారు. “మూడేళ్ళంటే ఎంతమ్మా? కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతాయి. చట్టమంటే ఆమాత్రం భయం ఉండొద్దూ?”

“ఉండాలండీ” అన్నారు కార్యదర్శిగారు. “ఒకసారి వెళ్ళి చూసొద్దామా?”

చూడకుండా రాయకూడదన్నది ఆమె ఉద్యోగధర్మం. చూడడం కూడా పూలగుత్తులతో ఎదురొచ్చే ముందు ద్వారం నుండి కాదు, ఖైదీల బంధువులు నిలబడే వరుసలో నిలబడి. కాబట్టి గౌరవ సభ్యులందరూ ఒక మధ్యాహ్నం మహిళా కారాగారం ముందు ఎండలో నిలబడి, ఫోన్లు అప్పగించి, జేబులు తడిమించుకొని లోపలికి వెళ్ళారు. వార్డును ఆనుకుని బంధువులు కలుసుకునే హాలు ఉంది, రెంటికీ కలిపి బయటికి తలుపు ఒక్కటే. సభ్యులు అక్కడ అధికారులతో మాట్లాడుతుండగా, కార్యదర్శిగారు వార్డులోకి వెళ్ళి ఖైదీల నడుమ నేల మీద చతికిలబడ్డారు. బట్టల కొట్లో మూడోసారి పట్టుబడి, మూడేళ్ళ శిక్ష పడి, నాలుగేళ్ళ కూతురితో లోపలున్న ఒక తల్లి చెప్పేది ఆమె వింటున్నారు.

ఇంతలో సాయంత్రపు లెక్కింపు మొదలైంది. ఖైదీల లెక్క సరిపోయేదాకా ఏ తలుపూ తెరవకూడదు. అది ఎవరికోసమూ సడలని నియమం. కొత్తగా చేరిన వార్డరమ్మాయి ఒక్కొక్కరి భుజం తడుతూ లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఖైదీల్లాగే తెల్లని నూలు బట్టలలో, తల వంచుకొని వింటున్న మన కార్యదర్శిగారి భుజమూ తట్టింది. ఆమె ధ్యాసంతా ఆ తల్లి మాటల మీదే. తల ఎత్తకుండానే “ఆఁ” అన్నారు. లెక్కలో ఒకరు ఎక్కువయ్యారు. జైలులో మనిషి తగ్గితే కంగారు, పెరిగితే అంతకు మించిన కంగారు. మళ్ళీ లెక్కపెట్టారు. ఏమిటీ గోల అని అప్పటికి ఆమె లేచి హాలులోకి రావడం వల్ల లెక్క సరిపోయింది. మొదట ఎందుకు తప్పిందో తేలక సూపరింటెండెంటుగారు మూడోసారి పెట్టమన్నారు. మరిచిపోయిన కళ్ళద్దాల కోసం ఆమె మళ్ళీ వార్డులోకి వెళ్ళారు. భుజం మీద చెయ్యి పడింది. “ఆఁ” అన్నారు. ఇంకేముంది!

హాలులో అధ్యక్షులవారి పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. “ఏమిటీ దారుణం! నాకవతల మీటింగుంది. ఊపిరాడటం లేదిక్కడ. తియ్యండయ్యా తలుపు!” అని కేకలు వేసి, ఎవరూ పలకకపోయేసరికి తామే లేచి తలుపు మీద చెయ్యి వేశారు. ఆ నాలుగేళ్ళ పిల్ల ఎక్కడి నుండి వచ్చిందో, వారి వేలు పట్టుకుని వెనక్కి లాగింది.

“తాతా, తలుపు మనం ముట్టుకోకూడదు. వాళ్ళే తీస్తారు.”

“నీకెవరు చెప్పారే?”

“ఎవరూ చెప్పలేదు. తలుపులంటే అంతేగా!”

అధ్యక్షులవారు వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఆ తరువాత కేకలు లేవు. ఆ పిల్ల కూడా పక్కన కూర్చుని, తలుపు ఎప్పుడు తీస్తారో చూడసాగింది. చివరికి దాని తల్లే వార్డులో నుండి అరిచింది. “అయ్యా, మీరు మేడమ్‌గారిని కూడా మాలో కలిపేస్తున్నారు!” వార్డంతా ఘొల్లున నవ్వింది. “నన్నా? నేనెప్పుడు కలిశాను?” అని కార్యదర్శిగారు తెల్లబోయారు. వార్డరమ్మాయికి సంజాయిషీ నోటీసు ఇస్తామని సూపరింటెండెంటుగారు అనగానే మాత్రం ఆమె ఊరుకోలేదు. “ఆ అమ్మాయి తన పని తను చేసింది. తడితే పలికింది నేను. నోటీసిస్తే నాకివ్వండి” అన్నారు.

మినహాయింపుపై ఓటింగు రోజున సంఘం సరిగ్గా సగానికి చీలింది. అధ్యక్షులవారి ఓటే తేల్చాలి. కార్యదర్శికి ఓటు లేదు, అడగనిదే మాట్లాడే హక్కూ లేదు. ఆమె ఆ నాలుగు వాక్యాలనూ నిబ్బరంగా చదివి, కాగితం అధ్యక్షుల ముందు పెట్టారు.

“ఇది ప్యాసయితే ఆ పిల్ల తల్లికి పనికొస్తుందా?” అని అడిగారు అధ్యక్షులు.

అవునంటే చాలు, జీవితకాలపు శ్రమ ఫలిస్తుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుస్తూనే ఉంది.

“రాదండీ” అన్నారు ఆమె. “ఇకముందు శిక్ష పడేవాళ్ళకే. ఇప్పటికే లోపలున్నవాళ్ళకి వర్తించదు.”

పక్కనున్న సహోద్యోగి నుదురు కొట్టుకున్నంత పని చేశాడు.

“మరైతే ఇంత కొంచెమే అడిగారేమమ్మా?”

“ఈ కొంచెమే రెండుసార్లు పోయిందండీ. అంతకన్నా అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.”

“ధైర్యం సంగతి నాకొదిలెయ్యండి. లోపలున్నవాళ్ళు కూడా కోర్టుకెళ్ళి శిక్ష తగ్గించమని అడగొచ్చు అని చేర్చండి. ఇప్పుడే, ఇక్కడే రాయండి. నా ఓటు దానికి.”

ఎదుటి వరుసలోని సభ్యుడొకరు ఆగలేకపోయారు. “అధ్యక్షా, నేరస్తుల మీద జాలి చూపనని మీరు ఎన్నికల్లో ఊరూరా చెప్పారు కదా!”

“చెప్పానయ్యా. అప్పటికి నన్నెవరూ లోపల పెట్టి తాళం వెయ్యలేదు!”

గది నవ్వులతో నిండిపోయింది. మన కార్యదర్శిగారు మాత్రం నవ్వలేదు. తల వంచుకొని రాస్తున్నారు. రాసిన వాక్యం మీద ఒక కన్నీటి చుక్క పడితే, ఆ కాగితం పక్కనపెట్టి మరో కాగితం మీద శుభ్రంగా తిరగరాశారు. నివేదిక సభకు వెళ్ళింది, సభ ఆమోదించింది, చట్టం అమలులోకి వచ్చింది.

ఈ నెల రెండవ వారంలో కారాగారం నుండి ఫోన్ వచ్చింది. కొత్త నిబంధన కింద ఆ తల్లి పెట్టుకున్న దరఖాస్తును న్యాయస్థానం అంగీకరించింది. కార్యదర్శిగారు రిసీవరు పెట్టేసి, వెంటనే ఇంటికి ఫోన్ చేశారు. “ఏమండీ, ఆ అమ్మాయిని ఇంటికి పంపేశారండీ. పిల్లని కూడా...” అని, శాఖ యావత్తూ చూస్తుండగా, దాచుకోకుండా ఏడ్చేశారు. వెనుక బెంచీలదాకా వినిపించేలా మాట్లాడడం మాస్టారికి వృత్తిరీత్యా అలవాటు కనుక, ఆయన జవాబు మనందరికీ వినిపించింది. “మంచిమాట చెప్పావు! ఇంక నీ పని అయింది కదా. నువ్వు కూడా ఇంటికొచ్చెయ్.”

ఆమె వెళుతున్నారు. వెళ్ళవద్దని అనగల అధికారం మనకు ఏ చట్టమూ ఇవ్వలేదు. ఎన్నడూ చూడని ఎందరో తల్లుల శిక్షాకాలాన్ని తగ్గించిన మన కార్యదర్శిగారికి, ఆయుష్షు విషయంలో మాత్రం ఒక్కరోజైనా తగ్గింపు లేకుండా నిండు నూరేళ్ళూ ఖరారు కావాలనీ, అవన్నీ ఆరోగ్యంతో, మాస్టారి సాహచర్యంలో, ఇష్టమైన వేళ నిద్రలేచి ఇష్టమైన దిక్కుకు నడిచే స్వేచ్ఛతో గడవాలనీ, ఈ తీర్పుపై అప్పీలు ఉండకూడదనీ మన శాఖ ఏకగ్రీవంగా తీర్మానిస్తున్నది.